విశాఖ తీర పేటల తుపాను తరలింపు ప్రణాళికలో జియోస్పేషియల్ డేటా: ఒక కేస్ స్టడీ

విశాఖపట్నానికి తుపాను తరలింపు మ్యాపు తయారు చేయమంటే చాలామంది ముందుగా ఒక డీఈఎం, అంటే నేల ఎత్తులను గళ్లుగా చూపే డిజిటల్ మ్యాపు, తెచ్చుకుంటారు. సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తున కాంటూరు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, గీసి, దాని కింద ఉన్నదంతా నీలం రంగుతో నింపుతారు. చూడ్డానికి బాగుంటుంది, సమావేశంలో అందరికీ ఇట్టే అర్థమవుతుంది. కానీ ఎవరిని ఏ వేళకు కదిలించాలనే నిర్ణయం ఆ నీలం రంగును బట్టి తీసుకుంటే మనుషులు నీళ్లకు ఎదురుగా మిగిలిపోతారు. ఉత్తరాన భీమిలి నుంచి దక్షిణాన యారాడ, గంగవరం దాకా ఉన్న తీర పేటలకు ప్రణాళిక ఎలా కట్టాలి, ఏ డేటా ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది అన్నది ఈ కేస్ స్టడీ. దీనికి ఆధారం నీటి మట్టం గీత కాదు. వాహనాలు ఎన్ని గంటల వరకు తిరగగలవో చెప్పే గడియారం, దాని పక్కన పేట వారీ మనుషుల లెక్క.

ఎత్తు లెక్క ఎందుకు నిలవదు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు ఇక్కడి టైడ్ గేజ్‌లో (సముద్ర మట్టం కొలిచే పరికరంలో) ఆటుపోటు మట్టం మీద సుమారు 1.4 మీటర్ల ఉప్పెన నమోదైంది. పున్నమి, అమావాస్య రోజుల్లో విశాఖలో పోటుకూ పాటుకూ తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. అంటే నిండు పోటు వేళ సగటు మట్టం మీద 0.7 మీటర్లు కలపాలి. రెండూ కలిస్తే 2.1 మీటర్లు. ఆపైన అలలు ఒడ్డెక్కే ఎత్తు వేరే.

ఇప్పుడు మన చేతిలోని కొలబద్ద సంగతి చూద్దాం. ఉచితంగా దొరికే వాటిలో మెరుగైన కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎంకు ప్రకటించిన నిలువు కచ్చితత్వం 90 శాతం చోట్ల 4 మీటర్ల లోపు. రెండు మీటర్ల ఉప్పెనను నాలుగు మీటర్ల పొరపాటున్న కొలబద్దతో కొలిచామన్నమాట. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అది ఉపరితల నమూనా. నేలను కాదు, రాడార్‌కు తగిలిన పై అంచును, అంటే ఇంటి కప్పును, చెట్టు కొమ్మను చూపిస్తుంది. పెద జాలరిపేటలా ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉన్న చోట పేట మొత్తం అసలు నేల కంటే ఎత్తున కనిపిస్తుంది. పక్కన ఖాళీగా ఉన్న ఇసుక మాత్రం ఉన్న ఎత్తునే కనిపిస్తుంది. ఫలితంగా మనుషులు కిక్కిరిసి ఉన్న చోటు సురక్షితమనీ, ఎవరూ లేని ఇసుక ప్రమాదమనీ మ్యాపు చెబుతుంది. తరలింపు పనిలో దీనికి మించిన తప్పు ఉండదు.

అందువల్ల రెండు పనులు చేయాలి. మొదటిది, ముంపు ఎంతవరకు వస్తుందన్న దానికి ఒక ఎత్తు గీత కింద ఉన్నదంతా మునుగుతుందనే సొంత బాత్‌టబ్ లెక్క మానేసి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఉప్పెన అంచనాను ఆధారంగా తీసుకోవాలి. అది గాలి వేగం, సముద్రపు లోతు, తీరం వంపు లెక్కలోకి తీసుకునే నమూనా. రెండవది, పేటలోని ప్రతి సందు మొదట్లో, గుడి మెట్టు దగ్గర, బీచ్ రోడ్డు అంచున ఆర్‌టీకే పరికరంతో, అంటే సెంటీమీటర్ల స్థాయిలో కొలిచే ఉపగ్రహ జీపీఎస్ పరికరంతో, మట్టాలు తీయాలి. ఒక పేటకు 40 నుంచి 60 బిందువులు చాలు. ఇద్దరు మనుషులు ఒక పూటలో తీసేస్తారు. సర్వే ఆఫ్ ఇండియా శాశ్వత స్టేషన్ల నుంచి సవరణలు పంపే కార్స్ సేవను వాడుకుంటే సొంత బేస్ స్టేషన్ కూడా అక్కర్లేదు.

ఆ పరికరం ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమికి గణితం ఊహించిన నునుపు ఆకారం నుంచి కొలిచిన ఎత్తు. విశాఖ దగ్గర జియాయిడ్ (సుమారుగా సగటు సముద్ర మట్టపు ఉపరితలం) ఎలిప్సాయిడ్‌కు పదుల మీటర్ల కింద ఉంటుంది కాబట్టి ఒడ్డున నిలబడినా మైనస్ అంకె వస్తుంది. జియాయిడ్ నమూనాతో సరిచేయకుండా ఆ అంకెను ఇతర డేటాతో కలపకూడదు. పోర్టు ఆటుపోట్ల పట్టికలు చార్ట్ డేటం నుంచి, అంటే నౌకాయాన పటాలు వాడే తక్కువ నీటి మట్టం నుంచి లెక్కిస్తాయి, సగటు సముద్ర మట్టం నుంచి కాదు. ఈ మూడు మట్టాలను ఒక్కచోటికి తెచ్చాకే కూడికలు మొదలుపెట్టాలి. సర్వే చేసే రోజునే పేటలోని పెద్దవాళ్లను అడిగి హుద్‌హుద్ నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడల మీద చూపించమని, ఆ గుర్తుల మట్టం కూడా తీసుకోవాలి. రాస్టర్ లెక్క, అంటే నేలను గళ్లుగా విడగొట్టి వేసిన ముంపు లెక్క, నమ్మదగిందో కాదో ఈ గుర్తులే తేలుస్తాయి.

ఇక్కడి తీరానికి ఒక అనుకూలత ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు ఐదు మీటర్లు. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ, నేల కూడా చదును. విశాఖ దగ్గర లోతు త్వరగా పెరుగుతుంది, ఒడ్డు వెనకే నేల లేస్తుంది. అందుకే ఇక్కడ ఉప్పెన ఊళ్ల లోపలికి కిలోమీటర్ల కొద్దీ చొచ్చుకుపోయే ప్రమాదం తక్కువ. కానీ గాలి ప్రమాదం అంతే ఉంటుంది, వానకు కొండవాలు జారే ప్రమాదం తోడవుతుంది. డెల్టా కోసం తయారైన తరలింపు నమూనాను తెచ్చి విశాఖకు అతికిస్తే, కదలాల్సిన వాళ్లలో చాలామంది మ్యాపు బయటే మిగిలిపోతారు.

ఎవరు కదలాలి

కాంటూరును వదిలేశాక జోన్లు ఇలా వస్తాయి. ఇసుక మీద, ఒడ్డు అంచున ఉన్న ఇళ్లన్నీ మొదటి జోను. వాటి వెనక, ఇన్‌కాయిస్ అంచనాలోనో హుద్‌హుద్ గుర్తుల్లోనో నీరు చేరిన వీధులు రెండోది. మూడోది ఎత్తుతో సంబంధం లేనిది: రేకు, ఆస్‌బెస్టాస్, తాటాకు కప్పులున్న ఇళ్లు ఎక్కడున్నా సరే. కొండను నిట్టనిలువుగా తవ్విన గట్టు కింద ఉన్న ఇళ్లు నాలుగోది. హనుమంతవాక, ఆరిలోవ, మాధవధార, గోపాలపట్నం వైపు కొండవాలు కాలనీలు ఇందులోకి వస్తాయి.

జోను హద్దు ఎప్పుడూ పేటవాళ్లు నోటితో చెప్పుకునే గుర్తు మీదే గీయాలి. ‘రామాలయం వీధికి సముద్రం వైపు ఉన్నవాళ్లంతా’ అని మైకులో చెబితే ఎవరు కదలాలో క్షణంలో తెలుస్తుంది. ‘2.1 మీటర్ల లోపు’ అంటే ఎవరికీ తెలియదు. అందుకే పాలిగన్‌ను, అంటే మ్యాపులో జోను ఆకారాన్ని, వీధి మధ్య గీతకు స్నాప్ చేయాలి (సరిగ్గా అతికించాలి). ఒక ఇంటి సగం లోపల, సగం బయట పడేలా హద్దు ఉండకూడదు.

కప్పు రకం తెలుసుకోవడానికి ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం చాలదు. 10 మీటర్ల పిక్సెల్‌లో రెండు మూడు ఇళ్లు కలిసిపోతాయి. అర మీటరు స్థాయి ఉపగ్రహ చిత్రం కావాలి, లేదా డ్రోన్. విశాఖలో నౌకాదళ స్థావరం, విమానాశ్రయం ఉండడంతో నగరంలో చాలా భాగం డ్రోన్లకు రెడ్ జోన్, ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం. అనుమతి తుపాను వచ్చే వారంలో దొరకదు, ఆ పని వేసవిలోనే ముగించుకోవాలి. రెండూ కుదరకపోతే వార్డు సచివాలయం సిబ్బంది ఫోన్‌లో క్యూఫీల్డ్ అనే మ్యాపింగ్ యాప్ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కప్పు రకం నొక్కడమే దారి. పని నెమ్మదిగా సాగినా ఫలితం చిత్ర వర్గీకరణ కంటే నమ్మకంగా ఉంటుంది. తుప్పు పట్టిన రేకునూ పాత పెంకునూ సాఫ్ట్‌వేర్ తరచూ ఒకటిగా చూస్తుంది. కొండ గట్ల విషయంలోనూ అంతే. ఇంటి వెనక ఐదు మీటర్ల నిలువు గట్టు 30 మీటర్ల డీఈఎంలో ఒక మెత్తని వాలుగా కలిసిపోతుంది. వాలు రాస్టర్ ఏ కాలనీకి వెళ్లాలో చెబుతుంది, ఏ ఇల్లో చెప్పలేదు.

జనాభాకు 2011 జనగణన వార్డు అంకెలు పాతబడ్డాయి. పైగా వార్డు పెద్దది, పేట చిన్నది. మూడు వేర్వేరు లెక్కలు వేసి పోల్చుకోవడం మేలు. మొదటిది, భవనాల ఆకారాలు. వాటిని గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ అనే ఉచిత డేటా నుంచి తీసుకోవచ్చు. 15 చదరపు మీటర్ల కంటే చిన్నవి వలల గదులో, మరుగుదొడ్లో అయి ఉంటాయి కనుక తీసేయాలి. అపార్ట్‌మెంట్ అయినా అక్కడ ఒకే ఆకారంగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. రెండవది, గృహ విద్యుత్ కనెక్షన్ల స్థానాలు. అద్దె పోర్షన్లకు కూడా మీటర్లు వేరుగా ఉంటాయి కాబట్టి కుటుంబాల లెక్కకు ఇది చాలా దగ్గరగా వస్తుంది. మూడవది, సచివాలయంలోని కుటుంబాల జాబితా. మూడింటిలో పెద్ద అంకెను తీసుకుని బస్సులు లెక్కించాలి. తేడా ఎక్కువగా వచ్చిన పేటకు మనిషిని పంపించాలి.

నడవలేని వృద్ధులు, వికలాంగులు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్ల జాబితా ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల దగ్గర ఉంటుంది. దాన్ని బిందువులుగా పంచే మ్యాపులో పెట్టకూడదు. ఏ ఇంట్లో ఒంటరి వృద్ధురాలు ఉందో అందరికీ తెలియజేయడం అవుతుంది. వీధికి ఎంతమంది అన్న అంకె మాత్రం మ్యాపు మీద, పేర్లు సంబంధిత కార్యకర్త చేతిలోని కాగితం మీద ఉంటే చాలు.

కాలాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మే తుపానుకు మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు, పడవలు ఒడ్డునే ఉంటాయి. అక్టోబర్, నవంబర్ తుపానుకు కొందరు సముద్రం మీద ఉంటారు, ఫిషింగ్ హార్బర్ మరపడవలతో నిండి ఉంటుంది. పడవ, ఇంజిను, వల భద్రం కానిదే మత్స్యకార కుటుంబం కదలదు, కదలమనడం న్యాయం కూడా కాదు. ఆ ఇంటి ఆస్తంతా అదే. అందుకే పడవలు పైకి లాగి కట్టే స్థలాలను మ్యాపులో ఒక ప్రత్యేక లేయర్‌గా (పొరగా) పెట్టాలి: ఎక్కడ, ఎన్ని పడవలు పడతాయి, ట్రాక్టర్ చేరుతుందా, ఇంజిన్లు దాచే గది ఉందా అన్న వివరాలతో. మనుషుల బస్సు కంటే ఆరు గంటల ముందు ట్రాక్టర్ పేటకు చేరాలి. ప్రణాళికలో ఈ గడి ఖాళీగా ఉన్న పేటలో బస్సులు ఖాళీగా నిలబడతాయి.

గడియారం ఎక్కడ మొదలుపెట్టాలి

వార్తల్లో అందరూ చెప్పేది తుపాను తీరం దాటే సమయం. తరలింపుకు ఆ సమయంతో పని లేదు. కావాల్సింది గాలి గంటకు 63 కిలోమీటర్లు, అంటే 34 నాట్లు, తీరాన్ని అందుకునే సమయం. అప్పటికే రేకులు లేస్తుంటాయి, కొమ్మలు విరుగుతుంటాయి, ఎత్తైన బస్సు నడపడం ప్రమాదం. వాతావరణ శాఖ బులెటిన్లలో 28, 34, 50, 64 నాట్ల గాలి ఏ దిక్కున ఎంత దూరం విస్తరించి ఉందో నాలుగు భాగాలుగా ఇస్తారు. ఆ పట్టికలోంచి మనకు కావాల్సింది ఒక్క అంకె: మన వైపున్న భాగంలో 34 నాట్ల వ్యాసార్ధం.

ఉదాహరణకు, మధ్యాహ్నం రెండు గంటలకు తుపాను కేంద్రం విశాఖకు 330 కి.మీ. దూరంలో ఉండి, గంటకు 15 కి.మీ. వేగంతో నేరుగా వస్తోందనుకుందాం. తీరం దాటేది 22 గంటల తర్వాత, అంటే మర్నాడు మధ్యాహ్నం 12కు. 34 నాట్ల వ్యాసార్ధం 150 కి.మీ. అయితే ఆ గాలి 180 కి.మీ. ప్రయాణించి 12 గంటల్లో, అంటే తెల్లవారుజామున రెండు గంటలకే పేటను తాకుతుంది. చీకటి, వాన లెక్కలోకి తీసుకుంటే చివరి బస్సు రాత్రి పదికల్లా ఆగాలి. చేతిలో ఉన్నది ఇరవై రెండు గంటలు కాదు, ఎనిమిది. నిర్ణయానికి రెండు గంటలు పోతే ఆరు. ఈ లెక్కను ప్రతి మూడు గంటల బులెటిన్‌కూ తిరిగి వేయడానికి పైథాన్‌లో పది వరసల స్క్రిప్టు చాలు, కాగితం మీద కూడా వేయొచ్చు.

తుపాను ట్రాక్, అంటే దారి, అటూ ఇటూ కదలడం వల్ల వచ్చే తేడా విశాఖకు చాలా పెద్దది. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను పుడిమడక వైపు, అంటే నగరానికి దక్షిణాన తీరం దాటితే నగరం దానికి కుడి వైపు పడుతుంది. గాలి సముద్రం మీదుగా ఒడ్డుకు కొడుతుంది, ఉప్పెన ఇక్కడే లేస్తుంది. భీమిలికి ఉత్తరాన దాటితే గాలి నేల మీదుగా సముద్రం వైపు వీస్తుంది, ఉప్పెన బాగా తగ్గుతుంది. రెండింటికీ మధ్య తేడా అరవై డెబ్బై కిలోమీటర్లే, ఒక రోజు ముందు అంచనాలో అంత తేడా మామూలే. కాబట్టి అనిశ్చితి శంకువులో, అంటే తుపాను వెళ్లగల దారులను బులెటిన్‌లో చూపే ప్రాంతంలో, దక్షిణపు దారి ఉన్నంతసేపూ దానికే సిద్ధపడాలి. మధ్య గీతను చూసి నిర్ణయం తీసుకోవడం ఈ పనిలో నేరం లాంటిదే.

ఇక వాహనాల లెక్క. 1,200 మంది ఉన్న పేట అనుకుందాం. వాళ్లలో 720 మంది నడిచో సొంత బండి మీదో వెళ్తారు, 360 మందికి బస్సు కావాలి, 120 మందికి ఆటో, అంబులెన్స్ లేదా మోసే మనుషులు కావాలి. బస్సుకు 45 మంది చొప్పున 8 ట్రిప్పులు. పునరావాస కేంద్రం మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే గంటకు 15 కి.మీ. చొప్పున వెళ్లడానికి 12 నిమిషాలు, రావడానికి 12. ఎక్కడానికి 15, దిగడానికి 10. మొత్తం 49 నిమిషాలు. రెండు బస్సులైతే ఒక్కోటి నాలుగేసి ట్రిప్పులు, సుమారు మూడుంబావు గంటలు. ఈ లెక్కలో ఒక సంగతి గమనించాలి: సగానికి పైగా సమయం బస్సు కదలకుండా నిలబడిందే. కేంద్రాన్ని ఒక కిలోమీటరు దగ్గరికి తెస్తే ట్రిప్పుకు ఎనిమిది నిమిషాలు మిగులుతాయి. మూటలకు వేరే టాటా ఏస్ పెట్టి, ఎక్కే చోట వెడల్పాటి స్థలం చూస్తే అంతకు తగ్గకుండా మిగలొచ్చు, పైగా ఆ పని ఏ కేంద్రానికైనా వర్తిస్తుంది. బస్సులు ఎక్కే చోటును ఎంచుకునేటప్పుడు బస్సు వెనక్కి తిప్పుకోకుండా ముందుకే పోగల చోటు వెతకాలి.

సందుల్లో నడక గురించి జనం అనవసరంగా బెంగపడతారు. మీటరు వెడల్పున్న సందులో సెకనుకు సగటున 0.7 మనిషి దాటినా 1,200 మంది అరగంటలో బయటపడతారు. అసలు ఆలస్యం ఇంటి గడప దగ్గరే. మొదటి మైకు విన్నాక కొందరు వెంటనే కదులుతారు, ఎక్కువమంది పక్కింటివాళ్లు కదిలితే చూద్దామనుకుంటారు, చివరివాళ్లు గాలి లేచాకే కదులుతారు. సిమ్యులేషన్‌లో అందరూ ఒకే నిమిషంలో బయలుదేరినట్టు పెడితే వచ్చే ఫలితం అబద్ధం. బయలుదేరే సమయాన్ని నాలుగైదు గంటల మీద పరచాలి. ఎత్తెక్కే దారులకు వాలును బట్టి నడక వేగం చెప్పే టోబ్లర్ సూత్రం వాడొచ్చు. చదును మీద గంటకు 5 కి.మీ., పది శాతం ఎత్తులో సుమారు 3.5, ఇరవై శాతంలో 2.5 కి.మీ. వస్తుంది. అది బరువు లేకుండా పగటిపూట ఒంటరిగా నడిచే మనిషి వేగం. పిల్లల్ని ఎత్తుకుని వానలో నడిచే కుటుంబానికి దాన్ని సగం చేయాలి.

దారులు

రోడ్ల లేయర్‌కు అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మంచి మొదలు. పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాపు డేటాబేస్‌లోకి తెచ్చి, దారులు లెక్కించే పీజీరౌటింగ్‌తో నడిపితే మొదటిసారి వచ్చే ఫలితం దాదాపు ప్రతిసారీ ఒకటే: అందరినీ బీచ్ రోడ్డు మీదుగా పంపిస్తుంది. వెడల్పైనది, నేరుగా ఉన్నది, వేగం ఎక్కువ అని. ఆ రోడ్డు సముద్రానికి సమాంతరంగా, ప్రమాదంలోనే పోతుంది. హుద్‌హుద్‌కు చాలా చోట్ల దెబ్బతింది కూడా. గడియారం చివరి నాలుగు గంటల్లో బీచ్ రోడ్డు ఎడ్జ్‌లన్నింటినీ, అంటే రౌటింగ్‌లో ఆ రోడ్డు ముక్కలన్నింటినీ, మూసేసి, తీరానికి అడ్డంగా లోపలికి పోయే దారులనే ఉంచాలి. పెద జాలరిపేట నుంచి ఎంవీపీ కాలనీ వైపు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ నుంచి ఎండాడ మీదుగా జాతీయ రహదారికి, భీమిలి నుంచి తగరపువలస వైపు. భీమిలి దారికి గోస్తనీ పొంగును కూడా చూసుకోవాలి. మంగమారిపేట దగ్గర వెనక తొట్లకొండ నిలబడి ఉంటుంది, లోపలికి అడ్డదారి దగ్గర్లో లేదు. అక్కడివాళ్లు కొంత దూరమైనా బీచ్ రోడ్డు మీద పోక తప్పదు కనుక వాళ్ల గడియారం మిగతా పేటల కంటే ముందు నడవాలి.

రోడ్ల లేయర్‌లో తప్పులు నాలుగు చోట్ల దొరుకుతాయి. వన్‌టౌన్, కోటవీధి వైపు వీధిగా గీసిన కొన్ని చోట్ల నిజానికి మెట్లు ఉంటాయి, చక్రాల కుర్చీ దిగదు. నౌకాదళం, పోర్టు పరిధిలో రోడ్లు మ్యాపులో తెరిచే ఉంటాయి, గేటు మాత్రం మూసి ఉంటుంది. తుపాను వేళ ఆ గేట్లు తెరిపించడానికి ముందే లిఖితపూర్వక ఒప్పందం లేకపోతే వాటిని మూసినట్టే లెక్కించాలి. రెండు రోడ్లు దాటినట్టు కనిపించినా నోడ్ (రోడ్లు కలిసే బిందువు) కలవకపోవడం, కలవకూడని చోట కలవడం మూడోది. ఎన్ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ లాంటి చోట కింది రోడ్డునూ పై రోడ్డునూ ఒకే నోడ్‌తో కలిపితే బస్సు గాల్లోంచి దిగుతుంది. నాలుగోది ముంపు రాస్టర్‌ను రోడ్ల మీద పరిచేటప్పుడు వస్తుంది. వంతెన కింద గెడ్డలో, అంటే వాగులో, నీళ్లుంటే వంతెన కూడా మునిగినట్టు చూపిస్తుంది. వంతెన ట్యాగ్ ఉన్న ఎడ్జ్‌లను మినహాయించి, రైల్వే అండర్‌బ్రిడ్జిలను మాత్రం మునిగినట్టే పెట్టాలి.

బఫర్లు (ఒక గీత చుట్టూ నిర్ణీత దూరం వరకు గీసే పట్టీలు), దూరాలు మీటర్లలో కొలిచే యూటీఎం పటపద్ధతి 44 ఉత్తర జోన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ 32644 అనే కోడ్‌లో తీయాలి. డిగ్రీల్లో వేసిన బఫర్ ఆకారం చూడ్డానికి బాగానే ఉంటుంది, అంకె మాత్రం తప్పు. శ్రీకాకుళం జిల్లా తూర్పు కొసతో డేటా పంచుకునేటప్పుడు 84 డిగ్రీల రేఖాంశం దాటగానే జోన్ 45కు మారుతుంది.

హుద్‌హుద్‌లో నగర రోడ్లను మూసేసింది నీళ్ల కంటే చెట్లూ కరెంటు స్తంభాలూ హోర్డింగులూ. అందుకే ప్రతి దారికీ రెండు వైపులా పది మీటర్లలో పచ్చదనం ఎంతో సెంటినెల్-2 నుంచి తీసి, ఎక్కువ చెట్లున్న దారిని వీలైనంత తప్పించేలా రౌటింగ్ లెక్కలో దాని ఖర్చు పెంచాలి. ప్రతి ముఖ్య దారికీ ఒక ప్రత్యామ్నాయం, రంపాలూ జేసీబీ ముందే నిలిపే ఒక చోటు మ్యాపు మీద ఉండాలి.

విమానాశ్రయం వైపు పల్లం వేరే సమస్య. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ నీళ్లు హార్బర్‌లోకి దిగాలి. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీళ్లు వెనక్కి నిలుస్తాయి. అక్కడ తరలింపు వేళను గాలి గడియారం ఒక్కటే నిర్ణయించదు. రిజర్వాయరు గేట్లు ఎత్తే సమాచారం, పోటు వేళల పట్టిక పక్కన పెట్టుకోవాలి.

యారాడకు ప్రత్యేకంగా ఒక పేజీ ఇవ్వాలి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం, బయటికి కొండెక్కి దిగే దారి ఒక్కటే. ఆ ఘాట్ మీద ఒక చెట్టు పడినా, ఒక మట్టిపెళ్ల జారినా ఊరు మూతపడుతుంది. ఇలాంటి ఊరిని రౌటింగ్ లెక్కలకు వదిలేయకూడదు. ఊరి లోపలే ఎత్తున, గట్టి కప్పున్న భవనం ఎంచి మూడు రోజుల నీళ్లు, బియ్యం, మందులు, జనరేటర్ డీజిల్ ముందే చేర్చడం మొదటి ప్రణాళిక. గర్భిణులు, రోగులను మాత్రం 48 గంటల హెచ్చరిక అందగానే బయటికి తేవాలి.

పునరావాస కేంద్రాల్లో ఎంతమంది పడతారు

జాబితాల్లో పాఠశాల పేరు పక్కన 500 అని రాసి ఉంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణం మనిషికి 3.5 చదరపు మీటర్ల కప్పున్న స్థలం, 30 మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి రోజుకు 3 లీటర్ల తాగునీరు. 6 మీటర్లకు 8 మీటర్ల తరగతి గది 48 చదరపు మీటర్లు, అంటే 13 మంది. పది గదుల బడికి 130 మంది. ఒక్క రాత్రి కోసం స్థలాన్ని సగానికి కుదించుకున్నా 260. వాళ్లకు తొమ్మిది మరుగుదొడ్లు కావాలి, రోజుకు 780 లీటర్ల తాగునీరు, అంటే 20 లీటర్ల క్యాన్లు 39. ఆ బడిలో నాలుగే మరుగుదొడ్లు పనిచేస్తుంటే అసలు సామర్థ్యం 120 మాత్రమే. స్థలం, మరుగుదొడ్లు, నీళ్లలో ఏది తక్కువైతే అదే ఆ కేంద్రం సామర్థ్యం. డేటాబేస్‌లో మూడు గళ్లూ విడిగా పెట్టి చిన్న అంకెను తీసుకోవాలి.

వాటితో పాటు కప్పు కాంక్రీటా రేకా, కిటికీలకు చెక్క తలుపులున్నాయా అద్దాలా, వంట షెడ్డు ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి తప్పనిసరి గళ్లు. రాత్రి తొమ్మిదికి తాళం చెవి దొరక్క గుమ్మం ముందు వానలో నిలబడిన కుటుంబం మళ్లీ తుపానుకు ఇల్లు కదలదు. పేటను కేంద్రానికి కేటాయించేటప్పుడు ఒక పేటను రెండు మూడు కేంద్రాలకు చీల్చకుండా చూడాలి. లెక్కకు చీల్చడం సులువే, కానీ బంధువులు వేర్వేరు చోట్ల పడితే ఒకరిని వెతుక్కుంటూ ఒకరు గాలిలో రోడ్డు మీదికి వస్తారు.

ఇదే మ్యాపును పారిశ్రామిక ప్రమాదానికి వాడకూడదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం లీకైనప్పుడు జనానికి హెచ్చరిక గంటలు లేవు, నిమిషాలే ఉన్నాయి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది, పల్లంలో పేరుకుంటుంది. అక్కడ దారి ఎంపిక గాలి వీచే దిక్కుకు అడ్డంగా, ఎత్తు వైపు ఉండాలి. మల్కాపురం, గాజువాక వైపు పరిశ్రమల చుట్టూ పేటలకు ఎనిమిది గాలి దిక్కులకు ఎనిమిది మ్యాపులు విడిగా ఉండాలి.

కాగితం మీదికి

హుద్‌హుద్ రోజు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ఇంటర్నెట్ డ్యాష్‌బోర్డు మీద మాత్రమే ఉన్న ప్రణాళిక సరిగ్గా కావాల్సిన గంటలోనే మాయమవుతుంది. ప్రతి పేటకూ ఏ3 కాగితం మీద ఒక మ్యాపు ఉండాలి, లామినేట్ చేసి, తెలుగులో. జోన్ల హద్దులు, బస్సు ఎక్కే చోటు, పడవలు కట్టే చోటు, కేంద్రం, ప్రత్యామ్నాయ దారి, తాళం ఉన్న మనిషి పేరు, చివరి బస్సు వేళ రాసుకోవడానికి ఒక ఖాళీ గడి ఉంటే చాలు. ఒక ప్రతి సచివాలయానికి, ఒకటి పేట పెద్దలకు, ఒకటి పోలీసు వైర్‌లెస్ ఉన్న వాహనానికి. ఫోన్లలో క్యూఫీల్డ్‌కు ఇంటర్నెట్ లేకున్నా కనిపించే మ్యాపు ముక్కలు (ఆఫ్‌లైన్ టైల్స్) ముందే దించిపెట్టాలి. మాక్ డ్రిల్ చేసినప్పుడు మైకు మొదలైన వేళ, మొదటి బస్సు కదిలిన వేళ, చివరి మనిషి కేంద్రంలో పేరు రాయించుకున్న వేళ నమోదు చేసి, లెక్కలోని అంకెలను వాటితో మార్చాలి. డ్రిల్ పగలు చేస్తే రాత్రి సమయానికి కనీసం సగం కలుపుకోవాలి.

రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 మీద ఆశ తరలింపు వేళ పెట్టుకోకూడదు. అది వచ్చే రోజు మన చేతిలో లేదు. గాలికి అలలు లేచిన నీరు రాడార్‌కు నేలలా కనిపిస్తుంది, ఇళ్ల మధ్య నీరు అసలే దొరకదు. తర్వాత నష్టం అంచనాకు, పొలాల ముంపు కొలవడానికి అది మంచి సాధనం.

కన్ను దాటే వేళ, తిరుగు ప్రయాణం

తుపాను కన్ను నగరం మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. జనం అయిపోయిందనుకుని ఇల్లు చూసుకోవడానికి బయలుదేరతారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే బలంగా లేస్తుంది. మొదటి గాలికి ఒక పక్కకు ఒరిగి నిలిచిన చెట్లు, స్తంభాలు రెండో గాలికి పడతాయి. అందుకే కన్ను పేట మీదికి వచ్చే సమయం, దాటిపోయే సమయం కూడా గాలి గడియారంలోనే లెక్కకట్టి కేంద్రం బాధ్యుడికి ముందే ఇవ్వాలి. కన్ను వ్యాసాన్ని తుపాను వేగంతో భాగిస్తే ఆ సమయం వస్తుంది: 30 కి.మీ. వ్యాసం, గంటకు 15 కి.మీ. వేగం అయితే రెండు గంటలు, అదీ సరిగ్గా నడిమధ్య నుంచి పోతేనే. ఆ రెండు గంటలూ కేంద్రం గేటు దగ్గర మనిషి ఉండాలి.

తిరిగి పంపడానికి వచ్చిన దారినే వాడకూడదు, తనిఖీ అయిన దారిని వాడాలి. విద్యుత్ సిబ్బంది తీగలు చూసి సరే అన్న ఎడ్జ్‌లను మాత్రమే తెరుస్తూ అదే రౌటింగ్‌ను మళ్లీ నడపాలి. కొండవాలు ఇళ్లవాళ్లను అందరికంటే చివర పంపాలి. వాన ఆగిన తర్వాత కూడా నానిన గట్టు జారుతుంది. ఒక్కో గట్టునూ చూసి, పగుళ్లు లేవని, వాలులోంచి బురద నీరు ఊరడం లేదని రాసిచ్చాకే ఆ వీధి పాలిగన్‌ను ఆకుపచ్చకు మార్చాలి.